ఒడిబియ్యానికి ఇరవై నాలుగు నెలలు

మా వంశంలో దుకాణం లెక్కలు రాస్తారు గానీ ఇంటి లెక్కలు రాయరు. అర్ధరూపాయి ఉప్పు పొట్లం అమ్మినా ఖాతా పుస్తకంలోకి ఎక్కాల్సిందే. అదే ఉప్పు ఇంట్లో ఎంత వాడారని అడిగితే మాత్రం పరువు తక్కువ. షావుకారు ఇంటి ఖర్చు రాయడం మొదలుపెట్టాడంటే దివాలాకు ముహూర్తం పెట్టుకున్నట్టేనని మా తాత నమ్మకం. మా నాన్న ఆ కట్టుబాటును ఒక్కసారే తప్పాడు. తాండూరులో మా కిరాణా కొట్టు మునుగుతున్న ఏడు ఒక నోటుబుక్కు కొని పాలు, కూరగాయలు, కిరసనాయిలు రాశాడు. పదకొండు పేజీలు నిండేసరికి కొట్టుకు తాళం పడింది. మిగిలిన పేజీల్లో మా అక్క ముగ్గులు వేసుకుంది.

నేను ఇప్పుడు వికారాబాద్‌లో ఉంటాను. తాండూరులో ఒక నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తాను. పొద్దున రైల్లో పోతాను, సాయంత్రం రైల్లో వస్తాను. మధ్యలో రాయి కోసే మిషన్ల చప్పుడు, బట్టల మీద తెల్లటి పొడి, సరిహద్దు అవతలి నుంచి వచ్చే లారీ డ్రైవర్ల కన్నడం. ఇన్నేళ్ళలో మా సేటు పుస్తకంలో ఒక్క రూపాయి తేడా రానివ్వలేదు. నా జీతం మాత్రం ఇరవయ్యో తారీఖుకల్లా ఎటు పోతుందో నాకు తెలిసేది కాదు. దీపం కింద చీకటి అంటారు. మా ఆవిడ ఇంకో మాట అంటుంది, అది ఇక్కడ రాయను.

ఒక ఆదివారం మా బిడ్డ హైదరాబాద్ నుంచి వచ్చి, అన్నం తినకముందే నా ఫోన్ లాక్కుంది. దానికి అక్కడ ఉద్యోగం. తండ్రి ఫోన్‌లో ఏముండాలో నిర్ణయించే అధికారం ఆ ఉద్యోగంతో పాటే వచ్చింది.

"నాన్నా, గిది ఏఐ యాప్. బ్యాంకు మెసేజులు అదే చదువుకుంటది, ఖర్సులు అదే రాసుకుంటది."

"ఇంటి లెక్కలు రాయొద్దు బిడ్డా. మీ ముత్తాత చెప్పేటోడు."

"నువ్వు రాస్తలేవు కద. అదే రాస్తది."

ఈ వాదనలో నాకు లోపం కనిపించలేదు. పాపం వస్తే యాప్‌కు వస్తుంది. సరే అన్నాను. యాప్ ఆడగొంతుతో, వార్తలు చదివే తెలుగులో మాట్లాడింది. "నమస్కారం. మీ ఆర్థిక ప్రయాణంలో మీతో కలిసి నడవడం నాకెంతో సంతోషం" అంది. వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసింది.

"ఎవరామె? ఎక్కడికి పోతున్నరు ఇద్దరు?"

మొదటి నెల అంతా యాప్‌కు మా ఇల్లు అర్థం కాలేదు, మా ఇంటికి యాప్ అర్థం కాలేదు. ఒకరోజు సరిగ్గా దీపం పెట్టే వేళకు, "మీ ఖాతాలో డబ్బు అయిపోయింది" అని గట్టిగా చదివింది. మా ఇళ్ళలో ఏదీ అయిపోదు. బియ్యం అయినా నూనె అయినా నిండుకుంటుంది. మా ఆవిడ వత్తి అక్కడే వదిలేసి వచ్చింది. "దీపం పెట్టే యాళ్ల గా పాడు మాటేంది? 'నిండుకున్నది' అనుమనుండ్రి" అంది. ఆమె కళ్ళముందే ఆ సంగతి టైపు చేశాను. "తప్పకుండా, ఇకపై అలాగే చెబుతాను" అని యాప్ ఒప్పుకుంది. మరుసటి నెల చివర్లో, "అభినందనలు! మీ ఖాతా నిండుకుంది" అంది.

పెళ్ళిలో చదివించిన వెయ్యిన్నూట పదహార్లలో ఆ నూట పదహారు దేనికని అడిగింది. అది లేకుండా ఇస్తే ఏడాదికి ఎంత మిగులుతుందో కూడా చెప్పింది. నేను ఆ సంగతి పెళ్ళివారికి చెప్పలేదు.

శుక్రవారం సంగతి వేరు. శుక్రవారం మా ఇంట్లోంచి రూపాయి బయటికి పోదు. లక్ష్మి గడప దాటుతుందని మా ఆవిడ ఆ రోజు పాలవాడికి కూడా పైసలివ్వదు, కరెంటు బిల్లు కట్టనివ్వదు. బియ్యం గింజ అడిగినా రేపు రమ్మంటుంది. యాప్ నాలుగు వారాలు చూసి ఒక నివేదిక ఇచ్చింది. "శుక్రవారాల్లో మీ ఖర్చు సున్నా. మీ ఆత్మనిగ్రహం ప్రశంసనీయం. మిగతా రోజులు కూడా శుక్రవారంలా గడపడానికి ప్రయత్నించండి." మా ఆవిడకు చదివి వినిపించాను. "ఆమెకు గీ ఒక్కటి సమజైంది" అంది. అప్పటి నుంచి యాప్ మీద ఆమెకు కొంచెం గౌరవం కలిగింది.

నాకు మాత్రం కొంచెం కాదు, మస్తుగా కలిగింది. కారణం దాని తెలివి కాదు. వెనకటికి షావుకార్లు ఎవరైనా చందాకో చేబదులుకో వస్తే, "పెద్దాయన ఊళ్ళె లేడు, అడిగి చెప్త" అనేవాళ్ళు. ఆ పెద్దాయన ఎప్పుడూ ఊళ్ళో ఉండేవాడు కాదు. నాకిప్పుడు అలాంటి పెద్దాయన జేబులోనే దొరికాడు. ఎవరేమడిగినా ఫోన్ తీసి చూపించి, "యాప్ ఒప్పుకుంటలేదు" అనేవాణ్ణి. కొత్త ఫ్రిజ్ అడిగిన మా ఆవిడకూ అదే చెప్పాను. పిసినారితనానికి అంత మర్యాదైన గొంతు ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

మా అక్క గురించి చెప్పాలి. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. తాండూరులోనే ఇచ్చాం. బావకు బజారులో చిన్న కిరాణా కొట్టు, యాలాల్ దగ్గర నాలుగెకరాల కంది చేను. ప్రతి ఏడూ కందులు ఇంటికి రాగానే పప్పు పట్టించి, పది కిలోలు మూటకట్టి, నేను సాయంత్రం రైలెక్కే ముందు చేతిలో పెడుతుంది. ఏడాదంతా మేం పప్పు కొనం. యాప్ ఇది కూడా కనిపెట్టింది. "పప్పుధాన్యాలపై మీ ఖర్చు సున్నా. మీ ఆహారంలో మాంసకృత్తులు లోపించి ఉండవచ్చు. వైద్యుణ్ణి సంప్రదించండి" అంది. ఆ పూట కూడా నేను పప్పన్నమే తిన్నాను. పైసలు పెట్టి కొనని వస్తువు దాని కంటికి ఆనదన్న సంగతి నాకు అప్పుడే తట్టాల్సింది. నవ్వుకుని ఊరుకున్నాను.

మా వైపు పెళ్ళయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం ఐదు సోలలు, కొత్త చీర, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు. ఆమె పీట మీద కూర్చుని ఒడి పడుతుంది. తోడబుట్టినవాడు, అతని భార్య దోసిళ్ళతో పోస్తారు. మా ఇంట్లో ఐదేళ్ళకోసారి. అమ్మా నాన్నా పోయాక ఆ పని నాది. ఆమె భర్త బతికి ఉన్నంత కాలమే ఆ బియ్యం. ఆ మాట ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

పోయిన శ్రావణం కాదు, అంతకు ముందటి శ్రావణంలో అక్క వంతు వచ్చింది. పాత పద్ధతిలో అయితే ఒక మంచిరోజు చూసి, బియ్యం కొలిచి, అక్కను పిలిచేవాణ్ణి. కానీ నా దగ్గర ఇప్పుడు యాప్ ఉంది. రైల్లో కూర్చుని ఒడిబియ్యానికి ఎంత అవుతుందని దాన్ని అడిగాను. అది నన్ను ఎదురు ప్రశ్నలు వేసింది. అతిథులెంతమంది? వేదిక ఎక్కడ? ఈమధ్య మావాళ్ళు ఒడిబియ్యాన్ని కూడా ఫంక్షన్ హాలులో చేస్తున్నారు. తక్కువ చేస్తే బజారులో మాట పడాలని అరవై మంది అని రాశాను. భోజనాలు, అక్క అత్తవారి వైపు వాళ్ళకు బట్టలు, ఒక వెండి కుంకుమ భరిణె. ఫోటోలు తీసేవాణ్ణి యాప్ తనే చేర్చింది, నేను తీసేయలేదు. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి అనుకోని ఖర్చులకని పైన ఐదు శాతం కలిపాను. మొత్తం అరవై వేలు తేలింది.

"నెలకు రెండు వేల ఐదు వందల చొప్పున, ఇరవై నాలుగు నెలల్లో మీ కల నెరవేరుతుంది" అంది యాప్. లక్ష్యానికి పేరు పెట్టమంది. 'ఒడిబియ్యం' అని పెట్టాను. పక్కన ఒక పీకల దాకా నిండాల్సిన కుండ బొమ్మ వచ్చింది. ప్రతి నెలా ఒకటో తారీఖున జీతం పడగానే రెండున్నర వేలు ఆ కుండలోకి పోయేవి.

మా ఆవిడకు ఇది నచ్చలేదు.

"వదినకు ఒడిబియ్యం పోసుడెప్పుడు?"

"లక్ష్యం నడుస్తున్నది."

"అది నడుస్తున్నదో పంటున్నదో. బియ్యం పోసుడుకు లక్ష్యమేంది? జల్ది పోద్దాం పాండ్రి."

ఎనిమిది శాతం అయిందని ఫోన్ చూపించాను. ఆమె చూడలేదు. అదే సాయంత్రం అక్కతో ఫోన్‌లో మాట్లాడుతూ, "మీ తమ్ముడు ఇప్పుడు ఇంట్ల ప్రతి రూపాయి రాస్తున్నడు వదినా, కొత్తిమీర కట్టతో సహా" అని చెప్పింది. నా మీద చాడీ చెప్పడం ఆమె ఉద్దేశం. నేను పక్క గదిలో విని, మెచ్చుకుందనుకుని మీసం సవరించుకున్నాను.

ఆ తర్వాత అక్క వైపు నుంచి కొన్ని మార్పులు వచ్చాయి. మధ్యాహ్నం పూట నన్ను భోజనానికి ఇంటికి రమ్మనడం ఎక్కువైంది. ఒకరోజు పోకపోతే యూనిట్‌కే టిఫిన్ డబ్బా పంపేది. ఆ ఏడు పది కిలోల పప్పుకు బదులు ఇరవై కిలోలు ఇచ్చింది. మోయలేక స్టేషన్‌లో రెండుసార్లు దించుకున్నాను. కంది బాగా పండిందేమో అనుకున్నాను. మా బిడ్డ తాండూరు పోతే చేతిలో ఐదు వందలు పెట్టి, "మీ నాన్నకు చెప్పకు" అందట. యాప్ మాత్రం ఉత్సాహంగా ఉంది. "మీ ఆహార ఖర్చు గణనీయంగా తగ్గింది. మీ క్రమశిక్షణ ఫలిస్తోంది" అంది. నా క్రమశిక్షణకు నేనే మురిసిపోయాను.

పోయిన శ్రావణంలో ఒకరోజు అక్క వికారాబాద్ వచ్చింది. ఊరికే, చూసి పోదామని వచ్చానంది. మా ఆవిడ బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క ఇచ్చింది. అక్క మధ్యాహ్నమంతా కూర్చుంది. ఒకటి రెండుసార్లు నా మొహం వైపు చూసి, ఏదో అడగబోయి, "ఆరోగ్యం మంచిగుందా తమ్మీ?" అని అడిగింది. నా ఆరోగ్యం మంచిగానే ఉంది. లక్ష్యం గురించి చెప్పేద్దామా అనుకున్నాను. కుండ సగమే నిండింది కదా, నిండాక ఒకేసారి చెప్పి ఆశ్చర్యపరుద్దామని ఊరుకున్నాను. సాయంత్రం రైలుకు ఆమె పోయింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అక్క అడిగే రకం కాదని నాకు తెలుసు. తెలిసీ అలా ఊరుకున్నందుకు ఈ రోజుకీ నా మీద నాకు కోపమే.

ఈ ఏడు కందులు ఇంటికొచ్చే కాలంలో, ఒక శుక్రవారం పొద్దున అక్క ఫోన్ చేసింది. నెలాఖరు రోజులు. బావకు నాలుగు రోజులుగా ఛాతీలో నొప్పి. తాండూరు డాక్టరు పంపితే హైదరాబాద్‌లో పరీక్షలు చేశారు. గుండె రక్తనాళాలు మూడు చోట్ల మూసుకున్నాయట. సోమవారం ఆపరేషన్. శనివారం తెల్లవారే బయలుదేరి పోయి ఆసుపత్రిలో చేరాలి. ఇదంతా అక్క మామూలు గొంతుతోనే చెప్పింది. చివర్లో, "ఈ ఏడు పప్పు పంపుడు జర ఆలిశమైతది తమ్మీ, ఏమనుకోకు" అంది.

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇయ్యాల్నే పోద్దాం. ఒడిబియ్యం పోసి వద్దాం."

ఎందుకు ఇవాళే అని నేను అడగలేదు. సోమవారం తర్వాత పోయడానికి వీలుండకపోవచ్చు.

నేను యాప్ తెరిచాను. కుండలో నలభై రెండు వేల ఐదు వందలున్నాయి. తీయమన్నాను. "మీరు డెబ్భై శాతం దూరం వచ్చారు. ఇప్పుడు వెనుదిరగకండి" అంది. మళ్ళీ తీయమన్నాను. "మీ లక్ష్యం పూర్తికాకముందే డబ్బు తీస్తున్నారు. తొందరపాటు నిర్ణయాల నుంచి మిమ్మల్ని కాపాడేందుకు ఒక పనిదినం ఆగుతాం. మీ డబ్బు సోమవారం ఉదయం అందుతుంది" అంది. ఈ షరతు మొదట్లో నేనే చదివి, మంచిదేనని సరే నొక్కాను. బ్యాంకు ఖాతాలో చూస్తే మూడు వందల చిల్లర ఉంది. మిగిలిందంతా యాప్ సలహా మీద ఏదో ఒక కుండలోకి నేనే ఎత్తాను. అక్క ఒడిబియ్యం కోసం దాచిన డబ్బు అక్క ఒడిబియ్యానికి పనికిరాకుండా కూర్చుంది.

"పైసలు సోమవారం గాని రావు. సేటును అడుగుత" అన్నాను.

"పైసలెందుకు?" అంది మా ఆవిడ.

"చీర? భోజనాలు?"

"బియ్యం డబ్బల ఉన్నయి. పసుపు ఉన్నది. మొన్న దీపావళికి బిడ్డ పెట్టిన చీర నేను మడత గూడ ఇప్పలే, అది పెడ్త. కుడుకలు, ఖర్జూరాలు కొనుండ్రి. ఇగ మనిద్దరం ఉన్నం. ఇంకేం గావాలె?"

ఆమె లోపలికి పోయి బియ్యం డబ్బా మూత తీసింది. నేను గుమ్మంలో నిలబడి ఒక మాట గుర్తుచేయాల్సి వచ్చింది.

"ఇయ్యాల శుక్రవారం."

సోల చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. మా పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు. ఈ ఇరవై ఏడేళ్ళలో శుక్రవారం నాడు ఆ డబ్బాలోంచి గింజ గడప దాటలేదు.

"గడప దాటితే కద బయటికి పోయినట్టు. ఆడబిడ్డ ఇల్లు బయట ఎట్లయితది?" అని ఐదు సోలలు కొలిచింది.

స్టేషన్ దారిలో కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు కొన్నాను. నూట అరవై రూపాయలు. ఫోన్‌తో కట్టగానే యాప్ గణగణమంది. "శుక్రవారం రోజున ఖర్చు నమోదైంది. ఇది మీ అలవాటుకు పూర్తిగా విరుద్ధం. మీ ఫోన్ ఇతరుల చేతిలో ఉండవచ్చు. ఈ ఖర్చు చేసింది మీరేనా?" కింద రెండు గడులున్నాయి, అవును అని ఒకటి, కాదు అని ఒకటి. ఏడాదిన్నరలో అది నన్ను అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే. అవును అని నొక్కి, సంచి పట్టుకుని రైలెక్కాను.

అక్క ఇంట్లో బట్టల సంచులు సర్ది గోడవారగా పెట్టి ఉన్నాయి. ఆసుపత్రి కాగితాల కవరు వాటి మీద ఉంది. బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మొహం పీక్కుపోయింది. మా చేతిలో బియ్యం మూట చూసి అక్క లేచి నిలబడింది.

"శుక్రవారం పూట బియ్యం ఎట్ల తీసినవే?" అని మా ఆవిడను అడిగింది.

"తీసిన వదినా. చీర కట్టుకొని రా."

అక్క చీర తీసుకుని లోపలికి పోయింది. పీట వేశాం. బావ కుర్చీ పీట దగ్గరికి జరిపాం. అక్క చీర మార్చుకుని వచ్చి కూర్చుంది. బొట్టు పెట్టి మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బావ అది చూశాడు.

"నన్ను కోసెటోళ్ళు సోమవారం కోస్తరు. మీరు ఇయ్యాల్నే ఏడుస్తరేంది?" అన్నాడు.

అప్పుడే అక్క తోటికోడలు వచ్చింది. బావ తమ్ముడి భార్య, ఆ ఇంట్లోనే రెండో వాటాలో ఉంటుంది. తమలపాకుల కోసం మా ఆవిడే కేక వేసి పిలిచింది. ఆమె ఆకులు పళ్ళెంలో పెట్టి, పీటను చూసి, మూటను చూసి, ఆశ్చర్యపోయింది.

"మొన్న శ్రావణంలనే పోస్తిరి కద! అక్క వికారాబాద్ పోయి పోయించుకొని వచ్చె. గా ఆకుపచ్చ పట్టుచీర మీరు పెట్టిందే కద. మళ్ళ పోస్తున్నరా?"

నేను మా ఆవిడను చూశాను. ఆమె నన్ను చూసింది. శ్రావణంలో మేం అక్కకు ఇచ్చింది ఒక జాకెట్టు ముక్క. అక్క మా వైపు చూడకుండా కొంగు సరిచేసుకుంది.

"మా తమ్మునికి నేనంటే పానం. ఏడాదికి రెండుసార్లు పోస్తడు" అంది.

"ఔ, మా ఇంట్ల గట్లనే" అంది మా ఆవిడ, రెప్ప కొట్టకుండా.

అక్క ఒడి పట్టింది. నేను దోసిలి నిండా బియ్యం తీసుకున్నాను. రోజూ లక్షల లెక్కలు తప్పు లేకుండా రాసే చేతులు ఆ ఐదు సోలల బియ్యం సరిగ్గా పోయలేకపోయాయి. సగం గింజలు పీట చుట్టూ పడ్డాయి. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. రెండూ దాచుకోలేదు. అయిన తర్వాత అక్క ఆనవాయితీ ప్రకారం ఐదు పిడికిళ్ళ బియ్యం తిరిగి మా ఆవిడ కొంగులో పోసింది. పుట్టిల్లు ఎప్పుడూ నిండుగా ఉండాలని అలా పోస్తారు.

తోటికోడలు వెళ్ళిపోయాక అక్క చాయ్ పెడుతుంటే వంటింట్లోకి పోయాను.

"గా చీర ఎవరు పెట్టిండ్రు అక్కా?"

అక్క గిన్నెలో చక్కెర వేసింది. "నేనే కొన్న. వికారాబాద్ నుంచి వచ్చిన రోజు స్టేషన్ల దిగి, దుకాణం పోయి కొన్న. ఉత్త చేతుల్తోని ఎట్ల వస్త? ఇంట్ల అందరు అడుగుతరు, తమ్ముడు ఏం పెట్టిండని."

"నన్ను అడగకపోతివి?"

"ఎట్లడుగుత? నువ్వు ఇంటి ఖర్సు రాస్తున్నవని మరదలు చెప్పె, కొత్తిమీర కట్టతో సహా. నాకు నాన్న నోటుబుక్కు యాదికొచ్చింది. నీకు నడుస్తలేదు, బయటికి చెప్తలేవు అనుకున్న. అడిగితే అప్పు చేసన్న పోస్తవు. అందుకే అడగలే."

ఇరవై కిలోల పప్పు, మధ్యాహ్నం భోజనాలు, బిడ్డ చేతిలో పెట్టిన ఐదు వందలు, అన్నీ అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. నేను ఆమె కోసం డబ్బు కూడబెడుతున్నానని మురుస్తున్న ఏడాదిన్నరా, ఆమె నేను దివాలా తీస్తున్నానని నన్ను పోషించింది.

"నాకు నడుస్తనే ఉన్నది అక్కా. నీ ఒడిబియ్యానికని నలభై రెండున్నర వేలు జమ చేసిన."

అక్క నా మొహంలోకి చూసింది. కోపం లేదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

"మరి పోయకపోతివి?"

చాయ్ పొంగింది, దించాను.

సోమవారం పొద్దున పది గంటలకు, మాట తప్పకుండా, యాప్ డబ్బు వదిలింది. అప్పటికి బావను లోపలికి తీసుకుపోయి అరగంటయింది. నేను ఆసుపత్రి మందుల కౌంటర్ దగ్గర వరసలో ఉన్నాను. ఆ డబ్బంతా అక్కడే అక్కకు తెలియకుండా కట్టాను. "ఒడిబియ్యం లక్ష్యం రద్దయింది. నిరుత్సాహపడకండి, మళ్ళీ ప్రయత్నించండి" అంది యాప్. సాయంత్రం డాక్టరు బయటికి వచ్చి అంతా బాగానే జరిగిందని చెప్పాడు. అక్క అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. మా ఆవిడ ఆమె పక్కన కూర్చుంది.

బావ ఇప్పుడు కొట్టులో కూర్చుంటున్నాడు. చక్కెర లేని చాయ్, ఉప్పు లేని కూర అని వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పుకుంటున్నాడు. పప్పు ఆలస్యంగానే వచ్చింది. ఇరవై కాదు, మళ్ళీ పది కిలోలే. నాకు నడుస్తోందని అక్కకు నమ్మకం కుదిరిందన్న మాట.

యాప్‌ను నేను తీసేయలేదు. కరెంటు బిల్లు గుర్తు చేయడానికి పనికొస్తుంది. కాకపోతే అందులో మొదటిసారి నా చేత్తో నేనే ఒక పద్దు రాశాను. బాకీల కింద, 'అక్కకు, ఆకుపచ్చ పట్టుచీర' అని. యాప్‌కు అంకె కావాలి. ప్రతి నెలా ఒకటో తారీఖున, "మొత్తం లేని పద్దు ఒకటి ఉంది, తొలగించమంటారా?" అని అడుగుతుంది. వద్దు అని నొక్కుతాను. మొన్న అక్క ఇంట్లో భోంచేస్తూ, ఆ చీర ఎంతకు కొన్నావో ఇప్పటికైనా చెప్పమని అడిగాను. ఆమె నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"నువ్వు పెట్టిన చీర. ధర నన్నడిగితే నాకేమెరుక?" అంది.